నీలం పొర

ప్లైవుడ్ అడ్డగోడ వెనక నుంచి బయటికి వచ్చేసిన రోజున బావగారి చేతిలో ఉన్న ఆస్తి ఇది: సన్న స్క్రూడ్రైవర్ల డబ్బా ఒకటి, మెడ ఎటు వంచితే అటు వంగే దీపం ఒకటి, ఒక కాలు పొట్టిదైన స్టూలు ఒకటి, సగం వాడిన థర్మల్ ప్యాడ్ల కట్ట ఒకటి. వీటితోపాటు ఒక చెడ్డపేరు. మొదటి నాలుగూ ఆయన సంపాదించుకున్నవి. చివరిది బావమరిది ఇచ్చింది.

నిజానికి ఆయన్ని బావ అని పిలవాల్సింది ఆ ఒక్క బావమరిదే. కానీ వాడి గొంతు పెద్దది. కౌంటరు దగ్గర నిలబడి "బావా, ఇంకో డ్రైవు బిగించాలి!" అని రోజంతా లోపలికి కేకలు వేస్తుంటే, విని విని కంప్యూటర్ సామాన్ల వీధి మొత్తానికీ ఆయన బావగారైపోయాడు. ఆ దుకాణం సొంతదారైన ముసలాయన కూడా అద్దె వసూలుకు వచ్చి "బావగారూ" అనేవాడు. "మీకు చెల్లెళ్లే లేరు కదండీ, నేను మీకు బావనెలా అయ్యాను?" అంటే పళ్లులేని నోటితో నవ్వేవాడు.

బావమరిదికి వీధి పెట్టిన పేరు మాటకారి. కొనడానికి కాదు, దారి అడగడానికి వచ్చినవాడి చేత కూడా ఏదో ఒకటి కొనిపించి పంపేవాడు.

దుకాణం ఒక షట్టరు వెడల్పు. మధ్యలో ప్లైవుడ్ గోడ. ముందువైపు మాటకారి అమ్మేవాడు, వెనకవైపు బావగారు బిగించేవాడు. అమ్మకాల్లో ముప్పాతిక భాగం ఒకటే సరుకు: కంప్యూటర్లో ఫైళ్లు దాచుకునే, చూయింగ్ గమ్ ముక్కంత ఉండే ఎస్‌ఎస్‌డి డ్రైవు. పాత డిస్కు తీసి అది పెడితే మూలుగుతూ లేచే కంప్యూటరు కళ్లు మూసి తెరిచేలోగా సిద్ధమైపోతుంది. తెరకు తగిలించి ఆటలాడే గేమ్ కన్సోల్లో పెడితే, ఆట తెరుచుకునేలోగా వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చే అలవాటు ఇంటిల్లిపాదికీ పోతుంది.

అయితే అంత వేగంగా పరిగెత్తేదానికి ఒళ్లు కాలుతుంది. అందుకే దాని మీద హీట్‌సింక్ అనే అల్యూమినియం రేకు బిగిస్తారు. డ్రైవుకూ రేకుకూ మధ్య మెత్తని ప్యాడ్ ఉంటుంది. ఆ ప్యాడ్ జిగురుగా ఉంటుంది కాబట్టి, దుమ్ము అంటకుండా దానిమీద పలచని నీలం ప్లాస్టిక్ పొర అంటించి పంపుతారు. బిగించేముందు ఆ పొర ఒలిచెయ్యాలి. ఒలవకపోతే డ్రైవు పనిచెయ్యకపోదు. మొదట బాగానే పరిగెడుతుంది. కాకపోతే దాని వేడి రేకుకు సరిగా అందదు. దుప్పటి కప్పుకుని ఎండలో పరిగెత్తేవాడి పరిస్థితే దానిదీ.

బావగారు ఒలిచిన ప్రతి పొరనూ పారెయ్యకుండా ఆ డ్రైవు పెట్టె మూతకు లోపలివైపు అంటించేవాడు. ఒలిచానా లేదా అన్న అనుమానం రాత్రి పడుకున్నాక రాకూడదని ఆ అలవాటు చేసుకున్నాడు. పెట్టె వెనకగది నుంచి ముందుకు వచ్చేసరికి మూతలో నీలం ముక్క ఉండేది. "ఇదేంటి?" అని ఎవరైనా అడిగితే మాటకారి, "మా బావ సంతకమండీ. ఆయనకు పెన్ను పట్టుకోవడం రాదు, దాంతో చేస్తాడు," అనేవాడు. నవ్వు పుట్టేది. సరుకు అమ్ముడుపోయేది. ఆ ముక్క ఏమిటో, ఎక్కడినుంచి వస్తుందో మాటకారి ఎన్నడూ అడగలేదు. అమ్మేవాడు గోడ దాటి వెనక్కి రాడు, బిగించేవాడు ముందుకు రాడు. వాళ్ల వ్యాపారం తీరే అది.

గొడవ ఫోటోగ్రాఫర్‌తో మొదలైంది.

పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ తీసిన ఏడాది పని అంతా ఒకే డ్రైవులో పెట్టుకున్నాడతను. ఒక మధ్యాహ్నం వీడియో కూర్చుతుండగా అది కన్నుమూసింది, మళ్లీ తెరవలేదు. అతను దుకాణానికి వచ్చి కౌంటరు మీద గుద్దాడు.

"ఎవరు బిగించారిది?"

దుకాణం నిండా కొనేవాళ్లున్నారు. మాటకారి ఒక్క క్షణం కూడా తడబడలేదు. భుజం మీదుగా బొటనవేలు వెనక్కి చూపించాడు. "బిగించింది బావండీ. నేను అమ్మేవాణ్ణే. చేతిపని నాది కాదు."

గోడ వెనక బావగారు అదంతా విన్నాడు. ఆ డ్రైవు అమ్మిన వారమంతా ఆయన జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. బయటికి వచ్చి ఆ సంగతి చెప్పాడు. కానీ బిగించేది ఎప్పుడూ ఆయనే అని అందరికీ తెలుసు. మాటకారి విచారంగా తల ఊపుతూ, "పోనీలే బావా, ఎవరి చేతైనా ఒకసారి తప్పుతుంది," అని ఓదార్చాడు. ఆ ఓదార్పుతో పని పూర్తయిపోయింది.

ఫోటోగ్రాఫర్ ఇంటికి వెళ్లి, డ్రైవులు కొన్నవాళ్లు తమ అనుభవాలు రాసే ఇంటర్నెట్ పేజీలో రాశాడు: "డ్రైవు మంచిదే. ఆ ప్లైవుడ్ వెనక కూర్చునే మనిషి చేతిలో మాత్రం పెట్టకండి. నా ఏడాదిని మింగేశాడు." దాన్ని వీధంతా చదివింది. కొన్నాళ్లకు మాటకారి ఎంతో బాధపడుతున్నట్టు గొంతు తగ్గించి, "జనం నీ చెయ్యంటే జంకుతున్నారు బావా. కొన్నాళ్లు విడిగా ఉందాం," అన్నాడు. అప్పటికే అద్దె కాగితం తన పేర మార్పించుకున్నాడని ముసలాయన చెప్పేదాకా బావగారికి తెలియదు.

అలా ఆయన సామాను ఎదురు భవనంలో మెట్ల కిందికి చేరింది. అక్కడ నిటారుగా నిలబడితే తల తగులుతుంది. కూర్చుంటే స్టూలు ఊగుతుంది. ఎదురుగా మాత్రం తన పాత షట్టరు పూర్తిగా కనబడుతుంది. ఆ కనబడడం కోసమే ఆ చోటు తీసుకున్నాడు.

మాటకారి దుకాణం ముందు పెద్ద తెర పెట్టాడు. దాని మీద వేగం చూపించే ఆట ఒకటి కనిపెట్టాడు. కొత్త డ్రైవు తగిలించి, ఒక పెద్ద సినిమాను ఇటునుంచి అటు పంపుతాడు. పచ్చగీత రివ్వున పరిగెత్తి ఒక్క నిమిషంలో చివరికి చేరుతుంది. చూస్తున్నవాళ్లు "అబ్బో" అంటారు. ఆ "అబ్బో" చల్లారకముందే మాటకారి వాళ్ల ఫోను వాళ్ల చేతిలో పెట్టి, "అయిదు నక్షత్రాలు పెట్టండి, కేబుల్ ఉచితం," అంటాడు. పేజీ నిండా నక్షత్రాలే. "తుపాకీ గుండు!" అని ఒకరు. "కొన్నది ఇప్పుడే, అయినా జీవితం మారిపోయింది," అని మరొకరు.

బావగారి మెట్ల కిందికి మొదట వచ్చిన బేరం డ్రైవింగ్ స్కూలు నడిపే మాస్టారు. కంప్యూటరు పెట్టెను చంటిబిడ్డలా చంకనేసుకుని వచ్చాడు.

"పొద్దున గుర్రమండీ, సాయంత్రానికి గాడిద. మీ బావమరిది దగ్గర కొన్నాను. అడిగితే కరెంటు లోపమంటాడు."

"అయిదు నక్షత్రాలు పెట్టారా?"

"పెట్టాను."

"ఎప్పుడు?"

"కొన్న నిమిషంలోనే. పెడితేనే కదా కేబుల్ ఇచ్చేది." మాస్టారు కాస్త సిగ్గుపడ్డాడు. "కేబుల్ మాత్రం బాగా పనిచేస్తోంది."

బావగారు దీపం మెడ వంచి, స్క్రూ తీసి, రేకు పైకెత్తాడు. ప్యాడ్ మీద నీలం పొర అలాగే ఉంది. వేడికి ముడతలు పడి, అంచులు గోధుమరంగుకు తిరిగి, డ్రైవు మీది చిప్పుల అచ్చు దానిమీద స్పష్టంగా పడి ఉంది.

ఫోటోగ్రాఫర్ డ్రైవు ఎలా చచ్చిపోయిందో ఇప్పుడు అర్థమైంది. అంతకంటే పెద్ద సంగతి కూడా అర్థమైంది. మాటకారికి ఈ పొర ఒకటి ఉంటుందనే తెలియదు. ప్యాడ్ నీలంగానే పుడుతుందనుకుంటున్నాడు. పెట్టెలో బొమ్మలతో సహా కాగితం ఉంటుంది, కానీ మాటకారి చదివే రకం కాదు, చదివి వినిపించే రకం. వాడు బిగించిన ప్రతి డ్రైవూ దుప్పటి కప్పుకునే పరిగెడుతోంది. నిమిషంపాటు సాగే పచ్చగీతలో ఆ దుప్పటి కనబడదు.

ఎదురుగా వాడే ఉన్నాడు. రోడ్డు దాటి వెళ్లి "ఒరేయ్, పొర ఒలిచి బిగించరా," అంటే చాలు. ఖర్చులేని మాట.

ఖర్చులేనిదే కానీ విలువ లేనిది కాదు. ఎవరికీ తెలియనిది తన ఒక్కడి దగ్గరే ఉన్నప్పుడు దాన్ని మొదటి రోజునే వదులుకోవడం వర్తకుడి లక్షణం కాదు. ఇప్పుడు చెబితే వాడు సర్దుకుంటాడు, రేపటినుంచి పొరలు ఒలుస్తాడు, పైగా "మా బావకి నేనే నేర్పాను" అంటాడు. తన మీద పడిన మచ్చ మాత్రం తన మీదే ఉంటుంది.

"ఏమైందండీ?" అన్నాడు మాస్టారు.

"రేకు సరిగా కూర్చోలేదు. కూర్చోబెడుతున్నాను."

పొర ఒలిచి, బిగించి ఇచ్చాడు. ఆ పొరను పెట్టె మూతకు అంటించలేదు. మడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆయన అలవాటు తప్పడం అదే మొదలు.

ఆ తర్వాత వచ్చినావిడ మెడలో ఈల వేలాడుతోంది. వీధి చివర గేమింగ్ హాలు ఆవిడదే. ఆడే కుర్రాళ్లు కొట్టుకోబోతే ఈల ఊదుతుంది కాబట్టి అందరూ రిఫరీ మేడమ్ అంటారు. మెట్ల కిందికి తల వంచి చూసింది.

"బావగారంటే మీరేనా?"

"వీధికి. మీకు అవసరం లేదు."

"మీ గురించి ఇంటర్నెట్లో చదివాను."

"ఉన్నది ఒక్కటే కదండీ. చదవడానికి ఎక్కువసేపు పట్టి ఉండదు."

ఆవిడ నవ్వలేదు. "హాల్లో పెద్ద పోటీ పెడుతున్నాను. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా ఆట ఆగకూడదు. ఆగిందా, నా హాలుకు మళ్లీ ఎవడూ రాడు. కన్సోళ్లన్నిటికీ కొత్త డ్రైవులు వేయిస్తున్నాను. మీ బావమరిది తనకిమ్మంటున్నాడు. మీకు పని ఇవ్వడానికి నాకు భయం. కానీ వాడి గురించి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నేను తెలుసుకోవాల్సింది ఏదైనా ఉందా?"

మాట నాలుక మీదికి వచ్చింది. ఈవిడ చేసిన అన్యాయం ఏమీ లేదు. నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే ఎదురు దుకాణంలో మాటకారి కొత్త బేరంతో ఏదో చెబుతూ, బొటనవేలు ఎత్తి మెట్లవైపు చూపించాడు. కొనేవాడు ఇటు తిరిగి చూసి నవ్వాడు.

అదే బొటనవేలు.

బావగారు మాటను వెనక్కి మింగాడు. దాని బదులు ఇంకో మాట ఇచ్చాడు. "తీసుకునేముందు ఒక పూట ఆపకుండా ఆడించి చూడండి మేడమ్. నేను చెప్పానని గుర్తుపెట్టుకోండి."

ఆవిడ రోడ్డు దాటి వెళ్లి అదే అడిగింది. మాటకారి నవ్వు వీధి ఈ చివరికి వినబడింది. "పూటా? మా బావకి బేరాల్లేవు కాబట్టి పూటలున్నాయి మేడమ్! నాకు నిమిషం చాలు. ఇటు చూడండి!" పచ్చగీత రివ్వున పోయింది. ఆర్డరు వాడికి దక్కింది.

బావగారు స్టూలు మీద కదలకుండా కూర్చున్నాడు. పెట్టుబడి పెట్టాడు. రేపు ఎవరైనా "ముందే చెప్పలేదేం?" అంటే చూపించడానికి ఒక మాట ఆవిడ దగ్గర జమ చేశాడు. పూర్తి మాట కాదు. సరిపోయేంత.

ఇంట్లో ఆయన భార్య కుట్టుమిషను మీద ఎవరివో కిటికీ పరదాలు అంచు కుడుతోంది. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది ఆమే. మాటకారి మొదటి మాటలు నేర్చుకున్నది ఆమె ఒళ్లోనే. తమ్ముడు చేసిన పనికి వాడితో మాట్లాడడం మానేసింది. కానీ వాడి కబుర్లు వినడం మానలేదు.

"మావాడు పెద్ద ఆర్డరు పట్టాడటగా."

"పట్టాడు."

"చెయ్యగలడా?"

"ఎందుకు చెయ్యలేడు? నోరుందిగా."

మిషను ఆగింది. "నోటి సంగతి కాదండీ, చేతి సంగతి అడుగుతున్నాను. వాడికి తెలియనిది ఏమైనా ఉంటే మీరు చెబుతారుగా?"

"వాడు నన్ను అడిగాడా?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ప్రశ్నకు ప్రశ్నతో జవాబు చెప్పేది ఏదో దాస్తున్నప్పుడేనని ఇన్నేళ్ల కాపురంలో ఆమెకు తెలుసు. మిషను మళ్లీ తిప్పింది.

మర్నాడు బావగారు ఫోటోగ్రాఫర్ స్టూడియోకు వెళ్లాడు. అతను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"లోపలికి రావద్దు."

"రాను. గుమ్మం చాలు. ఆ డ్రైవు పెట్టె పారేశారా?"

"ఎలా పారేస్తాను? చచ్చిపోయినా అందులో ఉన్నది నా ఏడాది. బీరువాలో పెట్టాను."

"తెరవకుండా అలాగే ఉంచండి. పోటీ రోజు హాల్లో ఫోటోలు తీసేది మీరే కదా. పెట్టె వెంట తీసుకురండి. అందరిముందూ తెరుద్దాం. తప్పు నా చేతిదని తేలితే నా పనిముట్లు అక్కడే మీకు ఒప్పజెప్పి ఈ వీధి వదిలి వెళ్లిపోతాను."

"ఇప్పుడే తెరిచి చూడొచ్చుగా?"

"ఇక్కడ తెరిస్తే మీరొక్కరే చూస్తారు. నన్ను దొంగను చేసింది పదిమంది మధ్య."

ఫోటోగ్రాఫర్ గుమ్మంలోంచి కొద్దిగా పక్కకు జరిగాడు. లోపలికి రమ్మనలేదు. అయినా జరిగాడు.

పోటీ రోజున హాలు కిటకిటలాడింది. గోడల పొడుగునా తెరలు, వాటి ముందు ఆటగాళ్లు, వాళ్ల వెనక అరిచేవాళ్లు. మాటకారి ఇస్త్రీ చొక్కాతో తలుపు దగ్గర నిలబడి, పెళ్లిపెద్దలా వచ్చినవాళ్లందర్నీ పలకరిస్తున్నాడు. మూలగా కుర్చీ వేసుకున్న బావగారిని చూసి చెయ్యి ఊపాడు.

"వచ్చావా బావా! చూసి నేర్చుకో!"

"అందుకే వచ్చానురా."

పొద్దుటి ఆటలు రివ్వున సాగిపోయాయి. మీట నొక్కడం ఆలస్యం, మైదానం తెరమీదికి దూకుతోంది. "ఏం డ్రైవులు వేశావయ్యా!" అని రిఫరీ మేడమే మెచ్చుకుంది. బావగారు గడియారం చూడలేదు. కన్సోళ్లను చూశాడు. ముట్టుకోనక్కర్లేదు. వాటి ఫ్యాన్లు గొంతు పెంచుతున్నాయి, అది చాలు.

భోజనాలయ్యాక మొదటి తెర గడ్డకట్టింది. బంతి గాల్లో ఉండగా ఆగిపోయింది. కుర్రాడు మీటలన్నీ నొక్కాడు. అటుపక్క ఇంకోటి ఆగింది. తర్వాత కన్సోళ్లన్నీ వరసగా మూలగడం మొదలెట్టాయి. ఒక తెర మీద కన్సోలు బాగా వేడెక్కిందన్న హెచ్చరిక వచ్చింది. ఆటగాళ్లు లేచారు, అరుపులు లేచాయి, ఈల మోగింది.

"ఏంటయ్యా ఇది?"

"ఆట ఫైలు లోపం మేడమ్."

"అన్నిటికీ ఒకేసారా?"

"కరెంటు హెచ్చుతగ్గులు… లేదా మీ ఏసీ…" మాటకారి మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. చుట్టూ చూశాడు. చూపు మూలన కుర్చీ మీద పడింది. పాత అలవాటు చేతిని తనంతట తానే పైకి లేపింది. బొటనవేలు బావగారివైపు తిరిగింది. "ప్యాడ్లు మేడమ్! ప్యాడ్లు పాత స్టాకు. అదంతా మా బావ కొన్నదే. ఆ రోజు ఫోటోగ్రాఫర్‌గారి డ్రైవు చంపింది కూడా ఆ చెయ్యే!"

బావగారు అప్పుడు లేచాడు. ఇన్నాళ్లూ ఎదురుచూసింది ఆ బొటనవేలు కోసమే. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

"మేడమ్, నేను ఒక పూట ఆడించి చూడమన్నాను. గుర్తుందా?"

"ఉంది," అంది ఆవిడ కోపంగా. ఆ కోపం ఎవరి మీదో ఇంకా తేల్చుకోలేదు.

దగ్గర్లో ఉన్న కన్సోలు ఆపించి, మూత తీసి, రేకు ఎత్తి, దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. నీలం పొర వేళ్ల మధ్య కరకరలాడింది. మెల్లగా ఒలిచి రిఫరీ మేడమ్ అరచేతిలో పెట్టాడు.

"ఇది ఒలిచాకే బిగించాలి. ఒలవకపోతే వేడి బయటికి పోదు. పెట్టెలో వచ్చే కాగితంలో బొమ్మ కూడా ఉంటుంది."

తర్వాత రెండోది తీశాడు, మూడోది తీశాడు. అన్నిట్లోనూ నీలమే. అప్పుడు ఫోటోగ్రాఫర్‌వైపు తిరిగాడు. "మీ పెట్టె."

ఫోటోగ్రాఫర్ సంచిలోంచి పెట్టె తీశాడు. "మూత లోపల చూడండి," అన్నాడు బావగారు. "నేను బిగించిన ప్రతిదానికీ అక్కడ ఒక నీలం ముక్క ఉంటుంది. వీధిలో ఎవరి పెట్టె తెచ్చినా చూపిస్తాను." మూత లోపల తెల్లగా ఉంది. డ్రైవు మీది రేకు ఎత్తితే పొర దానికిందే ఉంది, మాడి నల్లబడి, చిప్పులకు అంటుకుపోయి.

"నీలం ముక్క మీ బావ సంతకమని అందరితో అనేవాడివి కదా," అన్నాడు ఫోటోగ్రాఫర్ మెల్లగా. "నా పెట్టెలో సంతకమేదయ్యా?"

మాటకారి పెట్టె లాక్కుని మూతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

బావగారు దగ్గరికి వెళ్లాడు. "నాకు ఇంకేమీ వద్దురా. ఆ రోజు దుకాణంలో చెప్పిన మాటే మళ్లీ చెప్పు. ఈసారి నిజం చెప్పు. ఎవరు బిగించారది?"

"నేనే…"

"వినబడలేదు. ఇక్కడ చప్పుడెక్కువ."

రిఫరీ మేడమ్ ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదింది. హాలు అంతా నిశ్శబ్దమైపోయింది.

"బిగించింది నేనే బావా. నువ్వు కాదు."

"గొంతు బాగుంది. ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఇప్పుడు కూర్చో."

కన్సోళ్ల వరస ముందు నేలమీద కూర్చోబెట్టాడు. ఒక్కొక్కటీ విప్పించాడు, ఒక్కొక్క పొరా వాడి గోళ్లతోనే ఒలిపించాడు. ఇస్త్రీ చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది. ఒక పొర సగంలో తెగితే, "చిన్నముక్క కూడా మిగలకూడదు," అన్నాడు బావగారు నెమ్మదిగా, కుర్చీ దగ్గరికి లాక్కుని. చుట్టూ నిలబడ్డవాళ్లు ఫోన్లలో తీసుకున్నారు. ఫోటోగ్రాఫర్ కెమెరాతో తీశాడు. అతను ఆ రోజు తీసినవాటిలో అంత శ్రద్ధగా తీసింది ఇంకోటి లేదు.

దీపాలు పెట్టేవేళకు ఆటలు మళ్లీ మొదలయ్యాయి. కానీ సగం మంది అప్పటికే వెళ్లిపోయారు. రిఫరీ మేడమ్ బావగారి పక్కకు వచ్చి నిలబడింది.

"మీరు నాకు సగమే చెప్పారు."

"మీరు ఆ సగం కూడా వినలేదు మేడమ్."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీతో వ్యాపారం చేస్తాను. స్నేహం మాత్రం చెయ్యను," అని ఈల సర్దుకుని వెళ్లిపోయింది.

మర్నాటినుంచి మాటకారి దుకాణం ముందు వరస కట్టారు, కొనడానికి కాదు. కేబుల్ తీసుకుని నక్షత్రాలు పెట్టినవాళ్లంతా డ్రైవులు చేత్తో పట్టుకుని వచ్చారు. పెట్టిన నక్షత్రాలు ఒక్కొక్కటీ రాలిపోయాయి. అద్దె ముసలాయన మెట్ల కిందికి వంగి, "బావగారూ, ఆ షట్టరు మళ్లీ మీకే ఇద్దామనుకుంటున్నాను," అన్నాడు. వెళ్తూ వెళ్తూ బావగారు కుంటి స్టూలును మెట్ల కిందే వదిలేశాడు. ఇప్పుడు దాని మీద మాటకారి కూర్చుంటున్నాడు. అక్కణ్ణుంచి వాడికి కూడా షట్టరు పూర్తిగా కనబడుతుంది.

ప్లైవుడ్ గోడను బావగారు తీయించేశాడు. బిగించేది ఇప్పుడు కొనేవాళ్ల కళ్లముందే. ఒలిచిన పొరను వాళ్ల చేతే పెట్టె మూతకు అంటింపజేస్తాడు.

ఇంట్లో లెక్క ఇంకోలా తేలింది. పోటీ జరిగిన కొన్నాళ్లకు ఆయన భార్య కొక్కేనికి చాన్నాళ్లుగా వేలాడుతున్న చొక్కా ఉతకబోతూ జేబు చూసింది. మడతపెట్టిన నీలం ముక్క ఒకటి దొరికింది.

"ఇది హాల్లోదా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "కాదు. డ్రైవింగ్ మాస్టారిది."

"అంటే ఆర్డరుకు ముందుది." ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. "నేను అడిగిన రోజుకే మీ జేబులో ఉంది."

"ఉంది."

"వాడికి చెప్పకపోతే మానె. నాకు చెప్పొచ్చుగా?"

"నీకు చెబితే వాడికి చెప్పినట్టే."

"అవును. అందుకే నాకు చెప్పి ఉండాల్సింది." ఆమె గొంతు పెంచలేదు. "వాడు చేసింది తప్పే. మీరు వాడికి చేసింది కూడా నాకు అర్థమవుతుంది. నాకు చేసిందే అర్థం కావడం లేదు."

ఆ ముక్కను పారెయ్యలేదు ఆమె. కుట్టుమిషను తలమీద, దారం చుట్ట పక్కన అంటించింది. దీపం వెయ్యగానే ముందు అదే కనబడుతుంది.

ఖాతా మూసేసరికి బావగారి చేతిలో ఉన్నవి ఇవి: పాత షట్టరు, గోడ లేని దుకాణం, రిఫరీ మేడమ్ వ్యాపారం, పేజీలో ఫోటోగ్రాఫర్ మళ్లీ రాసిన నాలుగు వాక్యాలు. "తిట్టకూడని మనిషిని తిట్టాను. డ్రైవు బతకలేదు. నా ఏడాది తిరిగి రాలేదు. ఆయన దగ్గరే కొనండి," అని ఉంటుంది అందులో. ఆ చివరి వాక్యాన్ని ఆయన కొన్నిసార్లు బేరం లేనప్పుడు తెరిచి చదువుకుంటాడు. ఎదురు మెట్లకింద ఊగే స్టూలు మీద, మాట్లాడడానికి ఎవరూ లేక, ఒక మనిషి కూర్చుని ఉంటాడు. అది కూడా లాభం కిందే రాసుకున్నాడు.

ఖర్చు వైపు ఒక్కటే ఉంది. సాయంత్రం ఇంటికి వెళ్లి చెప్పులు విడవగానే ఆయన భార్య మిషను ఆపి అడుగుతుంది: "ఇవాళ నాకు చెప్పకుండా దాచిందేమైనా ఉందా?" లేదంటాడు. నిజంగానే ఉండదు. ఆమె తల ఊపుతుంది, నమ్మదు, మళ్లీ మిషను తిప్పుతుంది.

ఆ రోజు హాల్లో కొనుక్కున్నదానికి ధర ఎక్కువే పడింది. కానీ అదే సరుకు అదే ధరకు మళ్లీ ఎదురొస్తే, ఇవాళ కూడా బేరమాడకుండా కొనుక్కుంటాడు.